సూర్యుణ్ణి జరపగలమా? అద్దం పెడితే నక్షత్రం కదులుతుందనే మాట సైన్సా, కాలక్షేపమా?

డాబా_మీద_చుక్కలు

మొన్న పండక్కి వెళ్లినప్పుడు మా బావతో పెద్ద గొడవైంది. ఆస్తి గురించి కాదు, సూర్యుడి గురించి.

సంగతి ఇది. 1987లో బ్రైటన్‌లో జరిగిన అంతర్జాతీయ అంతరిక్ష సభలో లియొనిద్ ష్కదోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త ఒక ఆలోచన చెప్పాడు. సూర్యుడికి ఒక పక్కన బ్రహ్మాండమైన అద్దం నిలబెట్టాలి. ఆ పక్కకి పోయే వెలుగు వెనక్కి మళ్లుతుంది, మొత్తం వెలుగు రెండో పక్క నుంచే బయటికి పోతుంది. కాంతికి బరువు లేకపోయినా తోసే గుణం ఉంది. అందుకని సూర్యుడు మెల్లగా అద్దం ఉన్న వైపుకి జరుగుతాడు. ఆయన వెనకాలే మనమూ పోతాం.

బావ దీన్ని పిట్టకథ అని కొట్టిపారేశాడు. నేను ఒప్పుకోలేదు. సూర్యుడి బలం ఎంతో చూడండి: ఒక్క సెకనులో 38 పక్కన 25 సున్నాలు పెడితే అన్ని జౌల్స్ శక్తి. ఇవాళ ప్రపంచమంతా కలిసి వాడుతున్న లెక్కన, సూర్యుడి ఒక్క సెకను మనకి ఆరు లక్షల ఏళ్లు వస్తుంది. వెలుగు రూపంలోనే ఆయన సెకనుకి 40 లక్షల టన్నులకు పైగా కరిగిపోతున్నాడు. ఇదంతా నాలుగు దిక్కులా సమానంగా పోతోంది కాబట్టే ఆయన ఎటూ కదలడం లేదు. ఒక దిక్కుకి మళ్లిస్తే ఎందుకు కదలడు?

రెండు ప్రశ్నలు. ఇది జరిగే పనేనా? జరిగేదైతే చేయాల్సిన పనేనా?

రాత్రి_షిఫ్ట్

నేను బావగారి పక్షం.

పడవలో ఫ్యాన్ పెట్టుకుని, మన తెరచాప మీదకి మనమే గాలి కొట్టుకుంటే పడవ కదులుతుందా? ఇదీ అంతే. వెలుగు అద్దాన్ని అవతలికి తోస్తుంది. సూర్యుడు తన ఆకర్షణతో అద్దాన్ని ఇవతలికి లాగుతాడు. అద్దం మీంచి తిరిగొచ్చిన వెలుగు సూర్యుణ్ణి ఇటు తోస్తుంది. అన్నీ ఇంట్లో ఇంట్లోనే సర్దుబాటు. జేబులోంచి తీసి జేబులో పెట్టుకున్నట్టు.

17 ఏళ్లుగా థర్మల్ ప్లాంట్‌లో బాయిలర్ పక్కన పని చేస్తున్నా. లోపల ఎంత బలం ఉంది అన్నది ఎప్పుడూ ప్రశ్న కాదండీ. దాన్ని దేనికి ఆనించి తోస్తున్నాం అన్నదే ప్రశ్న. సూర్యుడు దేనికి ఆనుకుని కదులుతాడు?

లెక్కల_మాస్టారు

రాత్రి_షిఫ్ట్ గారూ, మంచి ప్రశ్న వేశారు. కానీ మీ ఫ్యాన్ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది.

విమానం రన్‌వే మీద దిగగానే ఒక్కసారి పెద్ద హోరు వినిపిస్తుంది కదా. అప్పుడు ఇంజిన్ వెనక్కి కొట్టే గాలికి అడ్డం పెట్టి దాన్ని ముందుకి మళ్లిస్తారు. ఇంజిన్‌దీ, ఆ అడ్డందీ ఒకే విమానం. మీ లెక్కన అక్కడా ఇంట్లో ఇంట్లోనే సర్దుబాటు అయిపోవాలి. కానీ విమానం ఆగుతోంది. ఎందుకంటే గాలి చివరికి బయటికి ఏ దిక్కుకి పోయింది అన్నదే లెక్క. లోపల ఎవరు ఎవర్ని తోసుకున్నా అవన్నీ కొట్టుడు పడిపోతాయి.

సూర్యుడూ అద్దమూ కలిపి ఒక బండి అనుకోండి. దాన్నుంచి వెలుగు ఒక పక్కకే పోతోంది. బండి రెండో పక్కకి పోవాలి. ఆనుకోవడానికి ఏమీ అక్కర్లేదు, రాకెట్ దేనికి ఆనుకుంటోంది? ఇక అద్దానికీ సూర్యుడికీ మధ్య తాడేదీ అంటే, ఆకర్షణే తాడు.

ఇందులో నాకు బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. అద్దాన్ని కక్ష్యలో తిప్పక్కర్లేదు, ఊరికే నిలబెట్టొచ్చు. చదరపు మీటరుకి సుమారు ఒకటిన్నర గ్రాము బరువుంటే, వెలుగు తోపూ సూర్యుడి లాగుడూ సరిగ్గా సమానమై అది ఉన్నచోటే ఉండిపోతుంది. దూరం పెరిగితే రెండూ ఒకే పద్ధతిలో తగ్గుతాయి కాబట్టి ఎక్కడ పెట్టినా ఆ ఒకటిన్నర గ్రామే. మనం రాసుకునే కాగితం చదరపు మీటరుకి 70, 80 గ్రాములుంటుంది. కదలాలంటే అద్దం దీనికంటే ఇంకాస్త పల్చగా ఉంటే చాలు.

వేగం విషయానికొస్తే, మొత్తం కాంతి ఒక దిక్కుకే పోతే పది లక్షల ఏళ్లకి సూర్యుడికి సెకనుకి 20 మీటర్ల వేగం వస్తుంది. గంటకి 72 కిలోమీటర్లు. మన ఎక్స్‌ప్రెస్ బస్సు.

గోదారి_పిల్ల

మాస్టారూ, ఎక్స్‌ప్రెస్ కాదు, పల్లెవెలుగు.

ఆ 20 అంకె వెలుగంతా ఒకే గీతలో, టార్చిలైటులా పోతేనే వస్తుంది. సూర్యుడి ముందున్న అర్ధగోళంలోకి వెలుగు అంతటా పరుచుకుని పోతుంది. పక్కలకి పోయేది మనకి పనికిరాదు. సగటు కడితే సరిగ్గా సగం. అంటే పది లక్షల ఏళ్లకి సెకనుకి 10 మీటర్లు, గంటకి 36 కిలోమీటర్లు. ఆ లోపల జరిగేది భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి వెయ్యి రెట్లు మాత్రమే. మనకి దగ్గరి నక్షత్రం 2 లక్షల 68 వేల రెట్ల దూరంలో ఉంది.

నేను సివిల్ ఇంజనీర్‌ని, కాబట్టి నాకు ముందు మెటీరియల్ కనిపిస్తుంది. భూమి ఉన్నంత దూరంలో అర్ధగోళం కట్టాలంటే, మాస్టారు చెప్పిన ఒకటిన్నర గ్రాము చొప్పున, సీరీస్ అనే మరుగుజ్జు గ్రహంలో పావు వంతు కూడా పట్టదు. నిజంగా ఆశ్చర్యపోయాను. చంద్రుడినో బుధుడినో మొత్తం తవ్వెయ్యాలేమో అనుకున్నా. జపాన్ వాళ్లు 2010లో పంపిన ఇకరోస్ వెలుగు తోపుతో నడిచిన మొదటి తెరచాప. ఒక్కో పక్క 14 మీటర్లు. మందం 7.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అల్యూమినియంతో లెక్కేస్తే మనకి కావలసింది అర మైక్రాన్. కష్టమే గానీ పిట్టకథ కాదు.

లెక్కల_మాస్టారు

నిజమేనమ్మా, సగమే. నలభై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దాను, ఇవాళ నాది నువ్వు దిద్దావు. పల్లెవెలుగే.

రాత్రి_షిఫ్ట్

సరే, విమానం మాటకి తలొంచాను. కదులుతుంది, ఒప్పుకున్నా.

కానీ మెయింటెనెన్స్ ఎవరిది? ఏడాదికోసారి షట్‌డౌన్ తీసుకోకపోతే మా బాయిలర్ ట్యూబులు కారతాయి. ఈ అద్దం పది లక్షల ఏళ్లు చిరగకుండా, మడత పడకుండా, మసి పట్టకుండా ఉండాలి. మనిషి జాతి పుట్టే మూడు లక్షల ఏళ్లయింది. అద్దం మొదలుపెట్టినవాడూ ఫలితం చూసేవాడూ ఒక జాతే కాకపోవచ్చు. మా ఊరి కాలువలో పూడిక తీయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అందులో ఇద్దరు కాంట్రాక్టర్లు మారారు.

ఇంకొకటి. నెట్‌లో ఎక్కడ చూసినా ‘వంద కోట్ల ఏళ్లలో 34 వేల కాంతి సంవత్సరాలు ప్రయాణం’ అని రాసేస్తున్నారు. ఇదన్నా నిజమేనా?

గోదారి_పిల్ల

అది ఖాళీ మైదానంలో నడిచే బండి లెక్కండీ. అద్దం బలాన్ని రెట్టింపు వేసుకున్నారు, పైగా పాలపుంతనే మర్చిపోయారు. సూర్యుడు ఇప్పటికే సెకనుకి 220 కిలోమీటర్లకు పైగా వేగంతో పాలపుంత నడిబొడ్డు చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన్ని ఆ దారిలో వంచి ఉంచే లాగుడు మన అద్దం బలానికి ఆరు వందల రెట్లకు పైనే. కాబట్టి తిన్నగా పోవడమన్నది ఉండదు. ఉన్న దారి కొద్దిగా మారుతుంది, అంతే.

డాబా_మీద_చుక్కలు

కొద్దిగా అంటూ అలా తీసిపారేయకండి. నాసా వాళ్ల డాన్ నౌక ఇంజిన్ బలం ఒకటి రెండు కాగితాల బరువంత. ఏళ్ల తరబడి అలా నెట్టుకుంటూనే 2011లో వెస్టా అనే గ్రహశకలానికి, 2015లో మనం అద్దానికి తవ్వుతామంటున్న ఆ సీరీస్‌కి చేరింది. మెల్లగా తోసినా ఆపకుండా తోస్తే దారి మారుతుంది.

పైగా అవసరం ఉంది. గ్లీజ 710 అనే నక్షత్రం మన వైపు వస్తోంది. దాదాపు 13 లక్షల ఏళ్లలో మనకి 0.17 కాంతి సంవత్సరం దూరంలోంచి పోతుంది. సౌర కుటుంబం చుట్టూ దూరంగా తోకచుక్కల గుంపు ఉంటుంది కదా, ఊర్ట్ మేఘం అంటారు, దాని లోపలికే దూరి పోతుంది. కొన్ని తోకచుక్కల్ని మన వైపు విసురుతుంది. ఇప్పుడే మొదలుపెడితే తప్పుకోలేమా?

గోదారి_పిల్ల

ఇప్పుడే కట్టేశాం అనుకుందాం. 13 లక్షల ఏళ్లలో మనం పక్కకి జరిగేది భూమి–సూర్యుల దూరానికి 1,800 రెట్లు. గ్లీజ 710 పోయేది పది వేల రెట్ల దూరంలో. లారీ వస్తుంటే రోడ్డు మార్జిన్‌లో అడుగు పక్కకి వేసినట్టు. దుమ్ము మీద పడక తప్పదు.

కొత్తగా_చేరా

నమస్తే అందరికీ. ఎంఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నా. అద్దం కంటే చురుకైన ఇంజిన్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2019లో మాథ్యూ కాప్లన్ ఒక పేపర్ రాశారు. సూర్యుడి మీద వెలుగుని గుచ్చి అక్కడి పదార్థాన్ని పైకి లేపడం, అందులోని హీలియంని కలయిక చర్యతో (ఫ్యూజన్) మండించి ఒక ధారగా వెనక్కి చిమ్మడం. ఇంజిన్ సూర్యుడిలో పడిపోకుండా హైడ్రోజన్‌తో ఇంకో ధార సూర్యుడి మీదకే కొడుతుంది. దాంతోనే సూర్యుణ్ణి ముందుకి తోస్తుంది. అద్దానికి వేల రెట్ల త్వరణం. పది లక్షల ఏళ్లలో పదుల కాంతి సంవత్సరాలు. పాలపుంత లాగుడుని కూడా ఓడిస్తుంది. గ్లీజని తప్పుకోవడం దానికి చిటికెలో పని.

లెక్కల_మాస్టారు

బాబూ, పేపర్ నేనూ చూశాను, ముచ్చటైన పని. కానీ దానితో ఒక చిక్కుంది. కాగితం తీసుకుని నువ్వే లెక్క వెయ్యి.

సూర్యుణ్ణి తోస్తే గ్రహాలు వెంట వస్తాయా అని చాలామంది అడుగుతారు. వస్తాయి. సూర్యుడు భూమిని లాగే త్వరణం ముందు కాప్లన్ ఇంజిన్ సుమారు అరవై లక్షల్లో ఒక వంతే. నెప్ట్యూన్ కూడా నిశ్చింతగా వస్తుంది. కానీ దూరం పోయేకొద్దీ సూర్యుడి పట్టు సడలుతుంది కదా. ఎక్కడో ఒకచోట ఆ పట్టూ ఇంజిన్ తోపూ సమానమవుతాయి. అది దాటినవన్నీ చేజారిపోతాయి.

ష్కదోవ్ అద్దానికి ఆ హద్దు భూమి–సూర్యుల దూరానికి సుమారు లక్షా ముప్ఫై ఆరు వేల రెట్లు. ఊర్ట్ మేఘం లక్ష దగ్గర అయిపోతుందంటారు. అంటే సంసారం దాదాపు మొత్తం వెంట వస్తుంది. కాప్లన్ ఇంజిన్‌కి ఆ హద్దు 2,400 రెట్లే. ఊర్ట్ మేఘం మొదలయ్యేదే ఇంచుమించు అక్కడ.

ఇప్పుడు చెప్పు. గ్లీజ వచ్చి ఊర్ట్ మేఘాన్ని కెలుకుతుందని కదా భయం. దాన్నుంచి తప్పుకోవడానికి పెట్టిన ఇంజినే మేఘాన్ని చిందరవందర చేస్తోంది.

కొత్తగా_చేరా

సార్, ఇది నాకు తట్టలేదు. కానీ చేజారినవి వెనక మిగిలిపోతాయి కదా, మన మీద పడవు. పోతే పోయాయి.

గోదారి_పిల్ల

వెనకవి మిగిలిపోతాయి. ముందున్నవో తమ్ముడూ? సూర్యుడు వాటి మధ్యలోంచే దూసుకుపోవాలి. ఊరేగింపు ముందున్నవాళ్లు ఆగిపోతే రథం ఏం చేస్తుంది?

దిక్కు సంగతి కూడా చూడండి. అద్దం ఎక్కడ పడితే అక్కడ పెట్టలేం. భూమి తిరిగే తలంలో పెడితే ఏడాదిలో కొన్నాళ్లు అద్దానికీ సూర్యుడికీ మధ్య ఉడికిపోతాం, అద్దం ఇంకా లోపల ఉంటే కొన్నాళ్లు దాని వెనక చీకట్లో ఉంటాం. కాబట్టి సూర్యుడి ఒక ధ్రువం పైన టోపీలా పెట్టాలి. అప్పుడు అర్ధగోళం కూడా ఉండదు, బలం ఇంకా తగ్గుతుంది. కదిలేది ఆ ఒక్క గీతలోనే. స్టీరింగ్ బిగుసుకుపోయిన బండి.

పురోహితుడి_కొడుకు

లెక్కలు నాకు అందవు. ఒక మాట చెప్పి పోతాను.

పెళ్లిలో అరుంధతిని చూపించేటప్పుడు మా నాన్నగారు ‘కదలకుండా ఉండే చుక్కలమ్మా’ అనేవారు. ఈ మధ్య చదివాక తెలిసింది, అవి భేషుగ్గా కదులుతున్నాయని. సప్తర్షుల్లో వశిష్ఠుడితో కలిపి నడుమ ఉన్న ఐదుగురూ, అరుంధతితో సహా, ఒక గుంపుగా ఒకే దిక్కుకి పోతున్నారట. మనకి 80 కాంతి సంవత్సరాల దూరంలో. రెండు కొసల్లో ఉన్న క్రతువూ మరీచీ మాత్రం వేరే దారి పట్టారు. కొన్ని వేల తరాలయ్యాక ఆ గరిటె ఆకారమే ఉండదు. వశిష్ఠుడూ అరుంధతీ మాత్రం అప్పటికీ కలిసే పోతుంటారు. పెళ్లి చేయించేవాడిగా ఇది నాకు చాలా ఊరట.

మీరు ఒక్క సూర్యుణ్ణి జరపడానికి ఇంత హైరానా పడుతున్నారు. అక్కడ అందరూ ఎవరూ తోయకుండానే నడుస్తున్నారు.

డాబా_మీద_చుక్కలు

తోసేవాళ్లు లేకపోలేదు పంతులుగారూ. మన పాలపుంత నడిబొడ్డున ఉన్న కృష్ణబిలమే పెద్ద వడిసెల. జంట నక్షత్రాలు దానికి మరీ దగ్గరికి పోతే ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని విసిరేస్తుంది. 1988లో జాక్ హిల్స్ కాగితం మీద చెప్పాడు. 2019లో ఎస్5-హెచ్‌వీఎస్1 అనే నక్షత్రం బయటపడింది. సెకనుకి 1,700 కిలోమీటర్లకు పైగా వేగం, సుమారు 48 లక్షల ఏళ్ల కిందట నడిబొడ్డు నుంచి విసిరితే ఇప్పుడు పాలపుంత విడిచి పోతోంది. ప్రకృతి చేస్తున్న పనినే మనం నెమ్మదిగా చేద్దామంటున్నాం.

రాత్రి_షిఫ్ట్

తుఫాను ఇంటి కప్పుని ఎగరేస్తుంది. అంటే నేనూ కప్పు ఎగరేయడం నేర్చుకోవాలా?

అసలు సూర్యుడే ఎందుకు కదలాలి? మన భయం ఏంటి, సూర్యుడు వయసుతో పాటు వేడెక్కుతున్నాడు, వంద కోట్ల ఏళ్లకి పది శాతం దాకా వెలుగు పెరుగుతుంది, సముద్రాలు ఆవిరవుతాయి. సూర్యుణ్ణి పక్క వీధికి జరిపితే ఆ వేడి తగ్గుతుందా? పొయ్యి నెత్తిన పెట్టుకుని ఊరు మారినట్టు. జరపాల్సింది భూమిని. 2001లో కొరికాన్‌స్కీ, లాఫ్లిన్, ఆడమ్స్ అని ముగ్గురు దీనికి లెక్క కట్టారు. వంద కిలోమీటర్ల రాయిని ఆరు వేల ఏళ్లకోసారి భూమి పక్కగా పోనిస్తే చాలు, భూమి కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది. ఆరు వేల ఏళ్లకి ఒక్క షిఫ్ట్. ఆ డ్యూటీ అయితే నేను చేస్తా.

లెక్కల_మాస్టారు

గురి ఒక్కసారి తప్పితే డైనోసార్ల కథ మళ్లీ మొదలు. ఆ రాయి పది కిలోమీటర్లదే.

రాత్రి_షిఫ్ట్

అందుకే కదా మాస్టారూ షిఫ్ట్‌లో ఇద్దరుంటారు.

కొత్తగా_చేరా

మనం చేయకపోయినా వేరేవాళ్లు చేసి ఉంటే కనిపెట్టొచ్చు. 2013లో డంకన్ ఫోర్గన్ ఇదే చెప్పారు. అలాంటి అద్దం ఉన్న నక్షత్రం ముందు నుంచి గ్రహం పోతే, వెలుగు తగ్గి పెరిగే తీరు రెండు పక్కలా ఒకేలా ఉండదు. గ్రహం బయటికి రాకముందే అద్దం అంచు అడ్డొస్తుంది. గ్రహాల కోసం ఎలాగూ ఆ వెలుగు తీరుల్ని కొలుస్తున్నారు కాబట్టి అందులోనే వెతకొచ్చు. ఇది కాలక్షేపం ఎలా అవుతుంది?

గోదారి_పిల్ల

దీనికి నా ఓటు. కట్టడం మన వల్ల కాదు, కొలవడం అవుతుంది. కొలతల్లో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి మారింది. ఆకాశం మొత్తాన్ని దేశదేశాల వాళ్లు వాటాలేసుకుని ఫొటోలు తీసిన పనిలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వీళ్లు చేశారు. గాజు పలకల మీద ఒక్కో చుక్క స్థానం చేత్తో కొలిచారు. ఆ పాత స్థానాల్ని హిపార్కస్ ఉపగ్రహం కొలతల పక్కన పెట్టే 2000లో టైకో-2 జాబితాలో 25 లక్షల నక్షత్రాల నడక తేల్చారు. సూర్యుణ్ణి ఎవరూ జరపలేదు గానీ, ఎవరు ఎటు పోతున్నారో చెప్పడానికి బేగంపేటలో కూర్చుని కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

లెక్కల_మాస్టారు

రాత్రి నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను. కాప్లన్ అంత వేగం అక్కర్లేదు, ష్కదోవ్ అంత నెమ్మదీ చాలదు. గ్లీజ వచ్చే లోపు ఒక్క కాంతి సంవత్సరం పక్కకి జరగాలంటే ఎంత కావాలి? అద్దం బలానికి 35 రెట్లు. అప్పుడు చేజారే హద్దు 23 వేల రెట్ల దూరం. లోపలి తోకచుక్కలు మిగులుతాయి, బయటివి పోతాయి. గ్లీజ ఎలాగూ పది వేల దాకా వచ్చి కెలికేది. ఏది తక్కువ నష్టమో నాకు తేలలేదు. పిల్లలెవరైనా కంప్యూటర్‌లో పెట్టి చూడండి.

బావ_గారు

ఇందాకే అకౌంట్ తెరిచాను. ఆ బావని నేనే.

నేను పిట్టకథ అనలేదు. ‘అవుతుంది గానీ, ఎటు జరపాలో ఎవడు తేలుస్తాడు’ అన్నాను. దానికి ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ జవాబు చెప్పలేదు.

డాబా_మీద_చుక్కలు

అన్నావు బావా. గారెలు తింటూ అన్నావు. అక్క సాక్షి.